కొలువు నుండి కొట్టానికి: ఒక పాడి సంస్థలోని లెక్కలు

ఇంటెల్ సంస్థలో ఇంజనీరు ఉద్యోగం వదలి, అమెరికా నుండి తిరిగివచ్చి, 2012లో హైదరాబాదు సమీపాన 20 ఆవులతో పాడి ప్రారంభించిన కిశోర్ ఇందుకూరి కథ తెలుగు పత్రికల పాఠకులకు కొత్తది కాదు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పట్టభద్రుడై, మాసచుసెట్స్ విశ్వవిద్యాలయంలో పాలిమర్ శాస్త్రంలో డాక్టరేటు పొంది, అరిజోనా రాష్ట్రంలో సుమారు ఆరేళ్ళు పనిచేసిన వ్యక్తి పాల వ్యాపారంలోకి రావడం వార్తే. కుమారుని పేరు మీదుగా ‘సిడ్స్ ఫార్మ్’ అని పేరు పెట్టుకొన్న ఆ సంస్థ వార్షిక టర్నోవరు 44 కోట్ల రూపాయలని 2021లో పత్రికలు ప్రచురించాయి. ఇటువంటి కథనాలన్నీ రెండు అంకెల మధ్య నడుస్తాయి: వదులుకొన్న జీతం ఒకటి, సాధించిన టర్నోవరు మరొకటి. విస్తరణ శాస్త్రవేత్తకు కావలసిన విషయమంతా ఆ రెండు అంకెల నడుమ ఉన్న ఖాళీలో ఉన్నది.

కృషి విజ్ఞాన కేంద్రాలకూ ఏరువాక కేంద్రాలకూ సలహా కోసం వచ్చేవారిలో ఇటీవలి కాలంలో ఒక కొత్త వర్గం చేరింది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతానికి లోటు లేదు, చేసే పనిలో తృప్తి లేదు. తాతల నాటి నాలుగైదు ఎకరాలు సొంత ఊరిలో ఉన్నాయి. పొదుపు చేసిన సొమ్ముతో వచ్చి వీరు అడిగే మొదటి ప్రశ్న, ఏ జాతి పశువులను ఎన్ని కొనాలన్నది. దానికి సమాధానం ఏ కరపత్రంలోనైనా దొరుకుతుంది. ఆ పాలు ఎవరికి, ఏ ధరకు, ఏ హామీ మీద అమ్ముతారన్నది వారు సాధారణంగా అడగని ప్రశ్న. పెట్టుబడి నిలిచేదీ పోయేదీ అక్కడనే. జీతం వస్తున్న ఇంట్లో ఒక పెట్టుబడి మునిగితే అది అనుభవంగా మిగులుతుంది. జీతం వదులుకొని, బ్యాంకు ఋణం కూడా తీసుకొన్న ఇంట్లో మునిగితే పిల్లల చదువుల మీద పడుతుంది. సలహా ఇచ్చేవారి మాటకు అంత బరువు ఉన్నది.

ఇందుకూరి సైతం స్వదేశానికి వచ్చిన వెంటనే పాడిని ఎంచుకోలేదు. పోటీ పరీక్షల శిక్షణ, కూరగాయల సాగు వంటి ప్రయత్నాల తరువాతనే రంగారెడ్డి జిల్లా షాబాద్ ప్రాంతంలో పాడి పెట్టారు. తొలినాళ్ళలో టోకున అమ్మిన పాలకు వచ్చిన ధర ఉత్పత్తి వ్యయానికి చాలలేదు. కొత్తగా పాడిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురయ్యే మొదటి గోడ. దీనికి మధ్యవర్తుల దోపిడీ ఒక్కటే కారణమని చెప్పుకోవడం సులభమే గాని, అసలు కారణం ధర కట్టే పద్ధతిలో ఉన్నది.

పాల సేకరణ కేంద్రంలో గోడకు వేలాడే ధరల పట్టికలో రెండే కొలతలుంటాయి: వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం. ఆవు పాలకు ఈ రెండూ చూస్తారు. గేదె పాలకు ప్రధానంగా వెన్ననే లెక్కిస్తారు. గ్రామాలలో చిన్న రైతును కొలతల మోసం నుండి కాపాడిన పట్టిక ఇది. దానిని తక్కువ చేయనక్కరలేదు. అయితే అది పాలలో ఉన్నవాటికి మాత్రమే విలువ కడుతుంది. పాలలో ఉండకూడనివి లేకపోవడానికి అందులో గడి లేదు. పొదుగువాపుకు సూదిమందు వేసిన ఆవు పాలను వారం రోజులు విడిగా పారబోసిన రైతుకూ, అదే క్యానులో కలిపిపోసిన రైతుకూ వెన్న సమానమైతే ధర కూడా సమానమే. బూజు పట్టిన చెక్కను పారవేసిన వాడికి ఆ మేర నష్టం మిగులుతుంది, అంతే. సంకరజాతి ఆవుల పాలలో వెన్న సహజంగానే తక్కువ గనుక, నాణ్యతకు ఖర్చు పెట్టి ఆవు పాలను టోకున అమ్మేవాడు ఈ పట్టిక ముందు ఎన్నటికీ గెలవలేడు. వృత్తి మారిన ఆ ఇంజనీరు చేసిన అసలు పని ఆ పట్టికకు బయట అమ్మడం; అంటే ఇంటింటికీ నేరుగా పాలు చేర్చి, ఆవు పాలనూ గేదె పాలనూ కలపక వేరువేరుగా ఉంచి, పరీక్షించిన పాలకు వేరొక ధర చెప్పడం.

ఇక్కడనే పూర్వవృత్తి అక్కరకు వచ్చింది. ఎలక్ట్రానిక్ చిప్పుల తయారీలో ప్రతి దశ తరువాతనూ కొలత ఉంటుంది. లోపమున్న పలకను తరువాతి దశకు పోనివ్వకుండా అక్కడే తీసివేస్తారు. పాల రంగంలో పద్ధతి చాలాచోట్ల దీనికి విరుద్ధంగా ఉండేది. ముందు కలుపుతారు, తరువాత పరీక్షిస్తారు. నూరు ఇళ్ళ పాలు ఒక్క చల్లబరచే తొట్టిలో కలిసిన తరువాత దోషం బయటపడినా, అది ఏ ఇంటిదో చెప్పడం సాధ్యం కాదు. వచ్చిన పాలను కలపక ముందే పరీక్షించి, తేడా వస్తే తిరిగి పంపడమనే క్రమశిక్షణను ఈ తరం పాడి సంస్థలు ప్రధానాంశంగా స్వీకరించాయి. జీతం ఎంత వదులుకొన్నారన్న ప్రశ్నకంటె, పాత వృత్తి నుండి ఏ అలవాటును వెంట తెచ్చుకొన్నారన్న ప్రశ్న ఎక్కువ ఫలవంతమైనది.

ఆ పరీక్షలు దేనికోసమో అంకెలలో చూడవలసి ఉన్నది. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 1,103 పట్టణాలలో 6,432 పాల నమూనాలను పరీక్షించింది. యూరియా, డిటర్జెంటు వంటివి కలిపిన కల్తీ నమూనాలు కేవలం 12 మాత్రమే తేలాయి. వాటిలో 9 తెలంగాణవి కావడం ఇక్కడి పాఠకులు గుర్తుంచుకోవలసిన విషయం. కాగా అఫ్లాటాక్సిన్ ఎం1 అనే శిలీంధ్ర విషం పరిమితికి మించి ఉన్నవి 368. ఆంటీబయోటిక్ అవశేషాలు పరిమితి దాటినవి 77. అఫ్లాటాక్సిన్ సమస్య విడి పాలలోకంటె ప్యాకెట్టు పాలలోనే హెచ్చుగా కనిపించింది. ప్రజల భయమంతా కల్తీ మీద ఉండగా, ప్రమాదం మాత్రం దాణా బస్తాలోనూ, సూదిమందులోనూ ఉన్నదని ఈ అంకెలు సూచిస్తున్నాయి. కల్తీ అయితే పోలీసుల పని. బూజు పట్టిన చెక్క విస్తరణ విభాగం పని.

వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, తడిసిన మొక్కజొన్న వంటివాటిలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగినప్పుడు అఫ్లాటాక్సిన్ బి1 ఏర్పడుతుంది. పశువు దానిని తిన్న ఒకటి రెండు పూటలలోనే అది రూపం మారి ఎం1గా పాలలోకి దిగుతుంది. మరిగించినా నశించదు. మన దేశంలో అనుమతించిన పరిమితి కిలో పాలకు 0.5 మైక్రోగ్రాములు, ఐరోపా దేశాలలో అందులో పదోవంతు. ఊరటనిచ్చే అంశం ఒకటున్నది: ఆ దాణా ఆపివేస్తే మూడు నాలుగు రోజులలో పాలు శుభ్రపడతాయి. అందుచేత దోషం ఏ ఇంటి దాణాదో త్వరగా కనిపెట్టగలిగితే నష్టం నాలుగు రోజులదే. కనిపెట్టలేకపోతే బస్తా అయిపోయేవరకు సాగుతుంది.

ఆంటీబయోటిక్ విషయంలో 2012లోనే నిబంధన వచ్చింది. మందు మీద వేరుగా గడువు రాసి లేకపోతే, వాడిన తరువాత కనీసం 7 రోజులు ఆ పశువు పాలను మనుషుల ఆహారంగా వాడరాదు. పది లీటర్ల ఆవుకు వారం రోజులంటే 70 లీటర్లు. ఇద్దరు ముగ్గురు పశువులున్న ఇంట్లో అది నెల రాబడిలో పెద్ద భాగం. తోడు పెట్టిన పాలు పేరుకోకపోతే ‘పాలు మంచివి కావు’ అని ఇల్లాలు అనుకొంటుంది. తోడులోని సూక్ష్మజీవులను మందు చంపిందని అనుకోదు. ఈ రెండు ఇళ్ళ నడుమ ఉన్న 70 లీటర్ల నష్టాన్ని ఎవరు భరించాలన్నదే పరీక్షించిన పాలు అమ్మే వ్యాపారాల అసలు పరీక్ష. అధిక ధర చెల్లించే పట్టణ వినియోగదారుని సొమ్ములో కొంత ఆ రైతుకు చేరితేనే అతడు మందు వేసిన సంగతి దాచడు. చేరకపోతే దాస్తాడు, లేదా ఆ పాలను పక్క కేంద్రంలో పోస్తాడు. ఒక సంస్థ తిప్పి పంపిన పాలు నేలపాలు కావని గ్రామాలలో తిరిగినవారందరికీ తెలుసు.

పూర్వవృత్తి ఏ మాత్రం ఉపకరించని భాగం మరొకటి ఉన్నది. అది పశువు. పరీక్షాగారాన్ని క్రమశిక్షణతో నడపవచ్చును. చూడి కట్టడాన్ని నడపలేరు.

20 ఆవుల లెక్కనే తీసుకొందాం. ఉత్సాహంతో వచ్చిన వ్యక్తి ఇటీవలనే ఈనిన 20 ఆవులను ఒకే నెలలో కొంటాడు. ఆవుకు పది లీటర్లయినా రోజుకు 200 లీటర్లు. మొదటి మూడు నెలలు రాబడి చూసి బంధువులందరికీ చెబుతాడు. ఈత తరువాత పాలు ఇచ్చే కాలం సుమారు 305 రోజులు. అందులోనూ రెండో నెల దాటిన తరువాత దిగుబడి క్రమంగా తగ్గుతుంది. ఒకేసారి ఈనిన ఆవులు ఒకేసారి తగ్గి, ఒకేసారి వట్టిపోతాయి. ఈనిన రెండు మూడు నెలలకు ఎదను గుర్తించి కట్టించి ఉంటే, రెండు నెలల వట్టి కాలం తరువాత మళ్ళీ ఈనుతాయి. ఎద 21 రోజులకొకసారి వస్తుంది. సంకరజాతి ఆవులలో అది కొద్ది గంటలే ఉంటుంది, తరచు తెల్లవారుజామున కనిపిస్తుంది. యజమాని ఆ వేళకు నగరంలోని ఇంట్లో నిద్రిస్తూ, కొట్టం జీతగాడి మీద వదిలి ఉంటే, ఒక్కొక్క ఆవుకు రెండు మూడు ఎదలు జారిపోతాయి. అప్పుడు రెండు నెలల వట్టి కాలం నాలుగయిదు నెలలవుతుంది. ఏడాది తిరిగేసరికి మేపవలసినవి 20, పాలిచ్చేవి ఎనిమిదో తొమ్మిదో. చాలామంది పాడి మానుకొనే నెల ఇదే. పశువులను రెండు విడతలుగా, అయిదారు నెలల ఎడంతో కొనాలని నాబార్డు నమూనా పథకాలు చెప్పడం ఇందుకే. ఆ ఒక్క వాక్యాన్ని తీసివేసి మిగిలిన పథకాన్ని అమలు చేసేవారు ఎక్కువ.

మేత లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఆవుకు రోజుకు 25 కిలోల పచ్చిమేత చొప్పున 20 ఆవులకు 500 కిలోలు. ఏడాదికి 180 టన్నులు దాటుతుంది. నీటి వసతి గల ఎకరంలో ఏ.పి.బి.ఎన్.-1 వంటి సంకర నేపియర్ వేస్తే అయిదారు పశువులకు సరిపోతుందన్నది వాడుకలో ఉన్న అంచనా. అంటే నాలుగు ఎకరాలు మేతకే పోవాలి. దేహపోషణకు కిలోన్నర, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా లెక్కిస్తే పది లీటర్ల ఆవుకు అయిదున్నర కిలోలు; 20 ఆవులూ పాలలో ఉన్నప్పుడు రోజుకు 110 కిలోలు. పాల ఉత్పత్తి వ్యయంలో 60 నుండి 70 శాతం మేత, దాణాలదే. పొలం నాలుగెకరాలే ఉండి, అందులో రెండెకరాలకే నీరు ఉన్నవాడు 20 ఆవులు కొంటే, వేసవిలో లారీలతో మేత కొనక తప్పదు. అప్పుడు అతడు పాడి నడపడం లేదు. మేత వ్యాపారిని పోషిస్తున్నాడు.

ఏడాదికి 730 సార్లు పాలు పితకవలసి ఉంటుందన్నది మరొక లెక్క. పండుగకు, పెళ్ళికి, జ్వరానికి సెలవు లేదు. తృప్తి లేని ఉద్యోగం నుండి తృప్తిని వెదకుతూ వచ్చేవారికి ఈ అంకె ముందుగానే చెప్పడం మర్యాద.

ఈ రెండు లెక్కలను కలిపి చూస్తే నగరంలో నేరుగా అమ్మే వ్యాపారపు మెలిక తెలుస్తుంది. నగరంలో ఇల్లు ప్రతిరోజూ ఒకే కొలత కోరుతుంది; లీటరంటే లీటరే, 365 రోజులూ. మంద అలా ఇవ్వదు. గేదెలు మన ప్రాంతంలో అధికంగా వానాకాలం, శీతాకాలాలలో ఈనుతాయి. పెరుగుకూ మజ్జిగకూ గిరాకీ పెరిగే వేసవిలో పాలు తగ్గుతాయి. అందువలన సొంత మందతో మొదలైన సంస్థ కొంతకాలానికి చుట్టుపక్కల రైతుల పాలను తీసుకొనక తప్పదు. సిడ్స్ ఫార్మ్ సైతం అదే దారిన పెరిగింది. ఆ మలుపులో యజమాని స్వభావమే మారుతుంది: అంతవరకు పాడి రైతు, ఆ తరువాత పాల కొనుగోలుదారు. ఇతర రైతులకు ఎంత ఇస్తాడు, ఏ షరతు మీద ఇస్తాడన్నది ఇక అతని వ్యాపారానికి కేంద్రం. అర్థవంతమైన వ్యాపారమన్న మాటకు అర్థం వెదకవలసిన చోటు కూడా అదే.

బయటి వృత్తి నుండి ఇంజనీర్లు పాడిలోకి రావడం కొత్త కాదు. మెకానికల్ ఇంజనీరింగులో మిషిగన్‌లో పట్టా పొందిన వర్గీస్ కురియన్ 1949లో ఆనందుకు వచ్చినది ఇష్టంతో కాదు. ప్రభుత్వ ఉపకార వేతనపు ఒప్పందం తీర్చడానికి. అయితే ఆయన వచ్చేనాటికి త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రైతుల సహకార సంఘం ఏర్పడి మూడేళ్ళయింది. ఇంజనీరు వచ్చి రైతులను కూడగట్టలేదు. కూడిన రైతుల వద్దకు ఇంజనీరు చేరాడు. నేటి సంస్థలు ఈ వరుసను తలక్రిందులు చేశాయి. ముందు సంస్థ, పెట్టుబడి, వినియోగదారుడు, తరువాత రైతు. పాలు అంతే శుభ్రంగా ఉండవచ్చును, ఇంకా శుభ్రంగా కూడా ఉండవచ్చును. ధర నిర్ణయించే గదిలో మాత్రం రైతుకు కుర్చీ లేదు.

కర్ణాటకలోని తిప్టూరు ప్రాంతంలో 2010లో మొదలైన ‘అక్షయకల్ప’ ఈ విషయంలో వేరొక మార్గం తొక్కింది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన శశికుమార్ కూడా విప్రోలో ఉద్యోగం వదలి వచ్చినవారే. ఆ సంస్థ రైతుల పొలాలనే సేంద్రియ పద్ధతికి మార్చి, మేత, ఎరువు, పశు ఆరోగ్యంలో సలహా ఇచ్చే సిబ్బందిని నియమించి, ఆ పాలకు ధ్రువీకరణ తెచ్చి అమ్ముతుంది. సేంద్రియ ధ్రువీకరణ గొప్పదా, అవశేషాల పరీక్ష గొప్పదా అన్న చర్చకు ఇక్కడ పని లేదు. గమనించదగిన అంశం సిబ్బంది. పరీక్షాగారం దోషాన్ని చెబుతుంది. కొట్టంలోకి వెళ్ళి దానిని సరిచేసేవాడు వేరు. ఆ రెండవ ఉద్యోగానికి ఖర్చు పెట్టే సంస్థ పక్కన రైతు మెరుగుపడతాడు. పెట్టని సంస్థ పక్కన, నెల గడిచేసరికి పాలు పోసే కేంద్రం మారుస్తాడు.

విద్యార్థులకు ఇందులో ఒక విడ్డూరం కనిపించవచ్చును. ఇంజనీరు కంప్యూటరు వదలి కొట్టానికి వస్తున్న రోజులలోనే, వ్యవసాయ పట్టభద్రులలో అనేకులు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. 2002 నుండి మేనేజ్ సంస్థ ద్వారా నడుస్తున్న అగ్రి క్లినిక్కులు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం వ్యవసాయ, అనుబంధ శాస్త్రాలు చదివినవారికే ఉద్దేశించినది. 45 రోజుల ఉచిత శిక్షణ, బ్యాంకు ఋణం మీద 36 శాతం, మహిళలకూ షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ 44 శాతం రాయితీ అందులో ఉన్నాయి. ఎద లక్షణాలు, దాణా సమతుల్యత, పొదుగువాపు పరీక్ష తెలిసినవారికి చేతిలో సొమ్ము లేదు. సొమ్ము ఉన్నవారికి అవి తెలియవు. షాబాద్ వంటి చోట్ల ఈ ఇద్దరూ కలిసి పనిచేసే అవకాశం మునుపటికంటె ఎక్కువగా ఉన్నది; ఉద్యోగిగా మాత్రమే కాక, భాగస్వామిగా కూడా.

ఆ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చాలు. ఉదయం పరీక్షలో ఒక క్యాను అఫ్లాటాక్సిన్‌కు తప్పింది. పది గంటలకు క్షేత్ర సిబ్బంది ఆ ఇంటికి చేరాలి. దాణా బస్తాలు నేల మీద ఉన్నాయా, బల్ల మీద ఉన్నాయా, గోడకు ఆనించి ఉన్నాయా చూడాలి. చెక్కను విరిచి లోపలి రంగు, వాసన పరీక్షించి నమూనా తీయాలి. ఏ దుకాణంలో ఎప్పుడు కొన్నదీ, అదే విడత బస్తాలు ఆ ఊరిలో ఇంకెవరి ఇళ్ళలో ఉన్నవీ రాసుకోవాలి. వరిగడ్డి వాము అడుగున చెయ్యి పెట్టి తడి చూడాలి. ఆ బస్తాను ఆ పూటనే ఆపించి, బదులు దాణా సమకూర్చి, అయిదో రోజున మళ్ళీ పాల నమూనా తీయాలి. ఆ నాలుగు రోజుల పాలకు రైతుకు ఏమి చెల్లించాలన్నది మాత్రం, కొత్తగా పాడి సంస్థ పెట్టబోయేవారు ఆవులు కొనకముందే తమ ప్రణాళికలో ఒక పద్దు కింద రాసి తీసుకురావాలని సలహాదారులు కోరవలసి ఉన్నది.